కమిషన్ ఎంతని కాదు, దేని మీదని అడగండి

పోయిన నెల ఇక్కడ ఒక పాఠకురాలికి జవాబు రాస్తూ "మీ పేరు మీద ఏజెన్సీ వాళ్లు క్లయింట్ దగ్గర ఎంత తీసుకుంటున్నారో ఎప్పుడైనా అడిగారా?" అని ఒక మాట అన్నాను. అంతే, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉత్తరాలూ మెయిళ్లూ వరసపెట్టాయి. ఇంట్లో కూర్చుని కోడ్ రాసే కుర్రాడి దగ్గర్నుంచి ఫ్యాక్టరీకి మనుషుల్ని పెట్టే మేస్త్రి గారి దాకా అందరిదీ ఒకటే బాధ, మధ్యలోవాడు తినేస్తున్నాడని. కొన్నిచోట్ల నిజంగానే తినేస్తున్నాడు. కొన్నిచోట్ల మనం బిల్లు చదవడం తెలియక తిట్టుకుంటున్నాం. నేను స్టాఫింగ్ కంపెనీలో చాలాకాలం బిల్లింగ్ చూసినదాన్ని కాబట్టి అవతలివాళ్ల కాగితం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకని ఈ నెల శీర్షిక మొత్తం ఈ గొడవకే.

ప్రశ్న (రాజాం): అక్కా, నేను కాంట్రాక్ట్ మీద బెంగళూరు క్లయింట్‌కు ఇంటి నుంచే పనిచేస్తున్నాను. హైదరాబాద్ ఏజెన్సీ నెలకు లక్ష ఇస్తుంది, పీఎఫ్ లేదు, కన్సల్టెంట్ అని చెప్పి పది శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని 90 వేలు అకౌంట్లో వేస్తుంది. మొన్న అక్కడి అమ్మాయి క్లయింట్‌కు పంపాల్సిన ఇన్‌వాయిస్ పొరపాటున నాకు పంపింది. అందులో 1,47,500 ఉంది! అంటే నా కష్టం మీద నెలకు 47,500 తింటున్నారు. మా నాన్న కేసు పెట్టమంటున్నారు. వీళ్లను వదిలేసి నేరుగా క్లయింట్ దగ్గరికే వెళ్లిపోవచ్చా?

జవాబు: ముందు నాన్నగారిని కాస్త కూర్చోబెట్టు తమ్ముడూ. ఆ ఇన్‌వాయిస్ మళ్లీ తెరిచి కింది వరసలు చూడు. ఐజీఎస్‌టీ (ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వేసే బిల్లు మీద జీఎస్టీ) 18 శాతం అని ఒక వరస ఉంటుంది, దాని ఎదురుగా 22,500 ఉంటుంది. అసలు బిల్లు 1,25,000 మాత్రమే. ఆ 22,500 ఏజెన్సీ జేబులోకి పోయేది కాదు, ప్రభుత్వానికి కట్టేది, క్లయింట్ కంపెనీ కూడా మామూలుగా దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే తను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుని, సర్దేసుకుంటుంది. కాబట్టి నీకూ బిల్లుకూ మధ్య ఉన్నది 47,500 కాదు, 25,000.

ఇప్పుడు ఈ పాతిక వేలు ఎంత శాతం? నువ్వు నీ లక్ష మీద లెక్కేస్తే 25 శాతం, దాన్ని మార్కప్ అంటారు. వాళ్లు లక్షా పాతిక మీద లెక్కేస్తే 20 శాతం, అది మార్జిన్. రెండూ నిజమే, అబద్ధం ఎవరూ ఆడలేదు, కానీ ఫోన్‌లో "మాది ట్వంటీ పర్సెంటే అండీ" అన్నప్పుడు అది తక్కువగా వినిపిస్తుంది. పలాసలో ధర పిక్క మీదా పప్పు మీదా అని తేల్చుకోకుండా జీడి బేరం ఎవరైనా ఆడతారా? ఇదీ అంతే.

ఆ పాతిక వేలలో వాళ్ల ఖర్చు ఏముంది? క్లయింట్ దగ్గర్నుంచి డబ్బు 45 రోజులకో 60 రోజులకో వస్తుంది, నీకు మాత్రం నెల తిరగ్గానే పడుతుంది. అంటే నీ డబ్బు రెండు నెలలు వాళ్లు ముందు పెడుతున్నారు, ఏడాదికి 12 శాతం వడ్డీ వేసుకున్నా లక్షకు రెండు వేలు. నిన్ను వెతికిన రిక్రూటర్ జీతం, నీకు ముందు పంపించి కుదరని వాళ్ల మీద పోయిన సమయం, ఆఫీసు అద్దె, ఇవన్నీ ఉంటాయి, కాదనను. అయినా నీ విషయంలో నాకు 20 శాతం ఎక్కువే అనిపిస్తోంది. ఎందుకంటే నిన్ను పేరోల్ మీద పెట్టుకుని ఉంటే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, సెలవు రోజుల జీతం, ఇన్సూరెన్స్ వాళ్లే భరించాలి. కన్సల్టెంట్ అన్న ఒక్క మాటతో అవన్నీ నీ నెత్తిన పడ్డాయి, మార్జిన్ మాత్రం పేరోల్ మనిషికి వేసినంత వేశారు.

ఇంకొకటి నువ్వు రాయలేదు, అదే అసలు సంగతి. నిన్ను ఏజెన్సీ వెతికి పెట్టిందా, లేకపోతే క్లయింట్ మేనేజరే ఇంటర్వ్యూ చేసి "ఫలానా ఏజెన్సీ ద్వారా చేరు" అన్నాడా? రెండోదైతే వాళ్లు చేస్తున్న పని నెలనెలా డబ్బు వేయడం ఒక్కటే. ఆ పనిని పది శాతం లోపు చేసిపెట్టే కంపెనీలు బోలెడు ఉన్నాయి.

నేరుగా వెళ్లడం గురించి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, పని మానేశాక ఫలానాచోట చేరకూడదు అని మనిషి చేతులు కట్టేసే షరతు చెల్లదు. ఇది విని కుర్రాళ్లు ఎగిరి గంతేస్తారు. కానీ ఒప్పందం నడుస్తుండగా చాటుగా క్లయింట్‌తో బేరం పెట్టుకోవడం, నోటీసు పీరియడ్ ఎగ్గొట్టడం వేరే సంగతులు, వాటికి ఆ సెక్షన్ కాపు కాయదు. పైగా నిన్ను ఆపేది నీ కాగితం కాదు, క్లయింట్‌కూ ఏజెన్సీకీ మధ్య ఉన్న కాగితం. మీ మనుషుల్ని మేం నేరుగా తీసుకుంటే ఇంత ఫీజు కడతాం అని అందులో మామూలుగా రాసి ఉంటుంది. ఆ ఫీజు కట్టి నిన్ను తీసుకోవడం క్లయింట్‌కు ఇష్టమా అని మేనేజర్‌ను ఒప్పందం ముగిసే ముందు బాహాటంగా అడుగు, అందులో తప్పేం లేదు.

నేనైతే ఇన్‌వాయిస్ మాట ఎత్తను. అది పొరపాటున వచ్చిన కాగితం, దాన్ని చూపించి బేరం ఆడితే పాపం ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది, నీ మాటా వినరు. రెన్యువల్‌కు నెలా నెలన్నర ముందు ఒక మెయిల్ పెట్టు: "వచ్చే కాలానికి నా రేటు 1,12,000 కావాలి. బిల్ రేటు పెంచుకుంటారో, మీ వాటాలో సర్దుతారో మీ ఇష్టం." అప్పటికీ వాళ్లకు 13 వేలు మిగులుతుంది, బిల్లులో పది శాతం పైనే. వాళ్లకు కష్టమేం కాదు. కొత్త మనిషిని వెతికి, క్లయింట్‌ను ఒప్పించి కూర్చోబెట్టడం వాళ్లకు అంతకంటే పెద్ద టెన్షన్.

ఇక నెలకు పదివేలు టీడీఎస్ పోతోందని ఏడుస్తున్నావు కదా, అది పోలేదు, నీ పాన్ మీదే ఉంది. నీ పాన్ మీద జమైన టీడీఎస్ చూపించే ఫామ్ 26ఏఎస్ తెరిచి ఏజెన్సీ నిజంగా కట్టిందో లేదో చూసుకో. స్వతంత్రంగా వృత్తి చేసేవాళ్లకు 44ఏడీఏ అని ఆడిటర్లు పిలిచే ఒక సులువు పద్ధతి ఉంది, వచ్చినదాంట్లో సగమే ఆదాయంగా చూపించవచ్చు. ఏడాదికి 12 లక్షలు వస్తే 6 లక్షలు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది కాబట్టి, నీకు ఇంకే ఆదాయమూ లేకపోతే పట్టుకున్న 1,20,000 మొత్తం వెనక్కి వస్తుంది. రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ కూడా లేదు. ఏజెన్సీ మీద పెట్టిన కోపంలో పావు వంతు రిటర్న్ వేయడం మీద పెట్టి ఉంటే ఈపాటికి బండి కొనుక్కునేవాడివి.

ప్రశ్న (పైడిభీమవరం): అమ్మా, ఇక్కడ ఒక ఫ్యాక్టరీకి 40 మందిని పెడుతున్నాను. నేరుగా కాదు, విశాఖపట్నం ఏజెన్సీ కింద సబ్ కాంట్రాక్ట్. మనిషికి జీతం 15 వేలు, నాకు 6 శాతం సర్వీస్ చార్జి అన్నారు. ఏటో గాని, నెలాఖరుకు చూస్తే చేతిలో ఏటీ మిగలట్లేదు. బిల్లు పెట్టిన మూడు నెలలకు గాని డబ్బు రాదు. కుర్రోళ్లకు ఏడో తారీకు దాటితే గేటు దగ్గర గొడవ, అందుకని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇస్తున్నాను. 6 శాతాన్ని 8 చేయమని అడగమంటారా?

జవాబు: అన్నయ్య గారూ, శాతం సంగతి తర్వాత, ముందు ఈ ఒక్క లెక్క చూడండి. 40 మందికి 15 వేల చొప్పున నెలకు 6 లక్షలు. దాని మీద మీ 6 శాతం 36,000. ఆ 6 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మూడు నెలలు ఆగితే వడ్డీ ఎంత? 36,000. మీరు ఎవరికోసం పనిచేస్తున్నారో తెలిసిందా? ఏజెన్సీ కోసం కూడా కాదు, ఆ వడ్డీ వ్యాపారి కోసం.

ఇందులో ఇంకా జీఎస్టీ కలపలేదు. మీ బిల్లు మీద 18 శాతం అంటే నెలకు లక్షా నలభై వేల చిల్లర, అది వచ్చే నెల 20వ తేదీకల్లా కట్టేయాలి, ఏజెన్సీ మీకు ఇచ్చిందా లేదా అని ప్రభుత్వం అడగదు. పీఎఫ్, ఈఎస్ఐ 15వ తేదీకి. ఇవన్నీ మీ అప్పులోంచే పోతున్నాయి కాబట్టి మిగలకపోవడం కాదు, మీరు ఎదురు పెట్టుకుంటున్నారు.

కాబట్టి 8 శాతం అడక్కండి. 6 శాతమే ఉంచి మూడు మార్చమనండి. మొదటిది, 6 శాతం దేని మీద? చాలా ఒప్పందాల్లో ఈ మాట రాయరు. చేతికిచ్చే జీతం 15,000 మీదైతే మనిషికి 900. అదే మీరు పెట్టే ఖర్చు మొత్తం మీదైతే లెక్క ఇలా ఉంటుంది: జీతం 15,000, పీఎఫ్‌లో యజమాని వాటా చార్జీలతో కలిపి 13 శాతం 1,950, ఈఎస్ఐ 3.25 శాతం 488, బోనస్ 8.33 శాతం జీతం మొత్తం మీద వేస్తే 1,250, అంతా కలిపి 18,688. దాని మీద 6 శాతం 1,121. మనిషికి 221 తేడా, 40 మందికి నెలకు 8,800 పైన. శాతం అదే, బేరం కూడా పెద్దగా పడనవసరం లేదు, ఒక్క మాట కాగితం మీద మార్పించాలి.

రెండోది, జీఎస్టీ మొత్తాన్ని బిల్లు పెట్టిన నెలలోనే వేయమనండి. దాని మీద వాళ్లకు క్రెడిట్ వస్తుంది, వాళ్లు ఆపుకోవడంలో న్యాయం లేదు. చాలామంది ఒప్పుకుంటారు కూడా, అడగరు గాని.

మూడోది ఆ మూడు నెలల గడువు. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం చేసే నమోదు) ఉందా? లేకపోతే ఈ వారమే చేయించుకోండి, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవడైనా రెండు వేలు అడిగితే ఇవ్వకండి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం చిన్న సంస్థకు ఇవ్వాల్సిన డబ్బు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. ఒప్పందంలో 90 రోజులు అని రాసుకున్నా, "క్లయింట్ ఇస్తేనే మీకిస్తాం" అని రాసుకున్నా ఆ 45 రోజుల గడువు మారదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. అయితే ఉన్న ఒక్క ఏజెన్సీ మీద ఫిర్యాదు పెట్టమని మీకు చెప్పను, బతకాలి కదా. కానీ ఉద్యమ్ నంబరు ప్రతి బిల్లు మీదా పెద్దక్షరాలతో అచ్చు వేయించండి. ఎందుకంటే గడువు దాటిన చిన్న సంస్థల బాకీని మార్చి 31 నాటికి తీర్చకపోతే, ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోవడానికి లేదు. 2023-24 లెక్కల నుంచి ఇది అమల్లో ఉంది. మీరు ఫోన్ చేస్తే ఎత్తనివాళ్లు వాళ్ల ఆడిటర్ ఫోన్ చేస్తే ఎత్తుతారు.

ఇంకో విషయం, కాంట్రాక్టర్ జీతాలు ఇవ్వలేకపోతే ఆ బాధ్యత చివరికి ఫ్యాక్టరీ యాజమాన్యానిదే. పాత 1970 చట్టంలోనూ ఇదే, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఇదే. గేటు దగ్గర గొడవ అయితే ఫ్యాక్టరీ హెచ్ఆర్ కంగారు పడేది అందుకే. మీ బిల్లు ఎన్ని రోజులకు తేలుతోందో వాళ్లకు తెలిసి ఉండదు, ఏజెన్సీకి వాళ్లు ఎన్ని రోజులకు ఇస్తున్నారో మీకు తెలిసి ఉండదు. ఒకసారి టీ తాగుతూ ఆ హెచ్ఆర్ ఆయన్ని అడిగి చూడండి. ముప్ఫై రోజులకే ఇస్తున్నాం అంటే మాత్రం మీ డబ్బు రెండు నెలలు ఎవరి దగ్గర పండుతోందో తెలిసిపోతుంది.

ప్రశ్న (విజయనగరం): నేను ఒక ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. జీతం మొత్తం బ్యాంకులోనే పడుతుంది గానీ, ప్రతి నెలా ఏజెన్సీ మనిషి వచ్చి మా అందరి దగ్గరా 500 క్యాష్ తీసుకుంటాడు. అది వాళ్ల సర్వీస్ చార్జి అట. ఇవ్వాలా మేడమ్?

జవాబు: అక్కర్లేదు. సర్వీస్ చార్జి ఇచ్చేది మిమ్మల్ని పెట్టుకున్న సంస్థ, మీరు కాదు. జీతంలోంచి ఏమేం కోయవచ్చో చట్టంలో జాబితా ఉంది, అందులో ఏజెన్సీ కమిషన్ లేదు. బ్యాంకులో పూర్తిగా వేసి చేత్తో వెనక్కి తీసుకున్నా చట్టం దాన్ని కోతగానే చూస్తుంది, ఈ తెలివితేటలు పాతవే. టెండర్లలో సున్నా శాతానికి కోట్ చేసి మనుషుల దగ్గర ఇలా లాగే ఏజెన్సీలు ఉండబట్టే ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో మనుషుల సరఫరాకు కనీసం 3.85 శాతం సర్వీస్ చార్జి అని పెట్టారు, మన రాష్ట్రంలో 2020లో ఆప్కాస్ (ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం పెట్టిన ప్రభుత్వ కార్పొరేషన్) మొదలుపెట్టినప్పుడు చెప్పిన కారణమూ ఈ దళారుల బెడదే. ఒక్కరే వెళ్లి అడిగితే రేపు రావద్దంటారు, అందుకని అందరూ కలిసి సంతకాలు పెట్టి ఆఫీసు అధికారికి ఒక కాపీ, లేబర్ ఆఫీసుకు ఒక కాపీ ఇవ్వండి. అప్పటిదాకా 500 ఫోన్‌పేలోనే వేస్తామనండి, క్యాష్ ఇవ్వం అనండి. చాలాసార్లు అక్కడితోనే ఆగిపోతుంది.

ప్రశ్న (కవిటి): అక్కా, మా తమ్ముడు వెల్డర్, 6జీ టెస్ట్ పాసయ్యాడు. గల్ఫ్‌లో షట్‌డౌన్ పని (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులు) ఉందని ఇక్కడి ఏజెంట్ 1,40,000 అడుగుతున్నాడు. సగం ఇప్పుడు, సగం వీసా వచ్చాక. అంత ఎందుకయ్యా అంటే ముంబై ఆఫీసుకు, అక్కడి కంపెనీకి కమిషన్ కట్టాలి అంటున్నాడు. ఊళ్లో అందరూ అంతే ఇస్తున్నారు.

జవాబు: ఊళ్లో అందరూ ఇస్తున్నారన్నది నిజమే, అదే సమస్య. ఉద్దానంలో ఈ రేటు ఒక ఆచారంలా అయిపోయింది. మన దేశ నిబంధనల ప్రకారం లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ మనిషి దగ్గర తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. మెడికల్ ఖర్చు వేరే. మిగిలిన లక్షకు పేరు లేదు, రసీదు కూడా ఉండదు. ఏజెంట్ ఇస్తానన్నా "కన్సల్టేషన్" అని ఏదో రాసి ఇస్తాడు.

ముంబై ఆఫీసు పేరు, దాని లైసెన్స్ నంబరు అడగండి. విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో కొడితే ఆ లైసెన్స్ బతికి ఉందో సస్పెండ్ అయిందో కనిపిస్తుంది. మీ ఊళ్లో డబ్బు వసూలు చేసే మనిషికి చట్టంలో చోటే లేదు, 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్స్ లేకుండా మనుషుల్ని పంపడం నేరం. డబ్బు ఇవ్వాల్సి వస్తే ఆ లైసెన్స్ ఉన్న కంపెనీ అకౌంటుకే ట్రాన్స్‌ఫర్ చేయండి, ఇతని చేతికి కాదు, వాళ్లావిడ అకౌంటుకు అసలే కాదు.

షట్‌డౌన్ పని అంటే కొద్ది నెలల పని అని మీకూ తెలుసు. 1,40,000 రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 2,800, అక్కడ ఓవర్‌టైమ్ దొరక్కపోతే తిరిగొచ్చేసరికి అప్పు తీరదు. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తాం అంటే వెంటనే లేచి వచ్చేయండి. తమ్ముడు పదో తరగతి పాసవకపోతే పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ అవసరం) అని ఉంటుంది, గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఆ పాస్‌పోర్ట్‌తో పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి, దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ వస్తుంది, రెండేళ్లకు 275 రూపాయలు, కవరేజీ 10 లక్షలు. క్లియరెన్స్ లేకుండా దొంగదారిన పంపేవాడు ఈ 275 కూడా మిగుల్చుకుంటాడు.

అయినా 6జీ వెల్డర్ అంటే పైపు చుట్టూ ఏ కోణంలోనైనా అతుకు వేయగల మనిషి, అలాంటివాణ్ని కంపెనీలే వెతుక్కుంటాయి. మీవాడు బతిమాలుకునే స్థితిలో లేడు, ఆ సంగతి ఏజెంట్‌కు తెలుసు, మీవాడికే తెలియదు.

ప్రశ్న (శ్రీకాకుళం): ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక కన్సల్టెన్సీ రిజిస్ట్రేషన్‌కు 8,000, ఉద్యోగం వచ్చాక మొదటి నెల జీతంలో సగం అంటోంది. కట్టొచ్చా?

జవాబు: వద్దు. పర్మనెంట్ ఉద్యోగానికి మనిషిని పెడితే కంపెనీలే కన్సల్టెన్సీకి ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం అంత ఫీజు ఇవ్వడం మన దేశంలో మామూలు. ఉద్యోగం కావాల్సినవాడి దగ్గర ముందే 8,000 తీసుకున్నవాడికి ఉద్యోగం ఇప్పించాల్సిన తొందర ఏముంటుంది?

ప్రశ్న (బొబ్బిలి): మా అబ్బాయి డాలస్‌లో హెచ్1బీ మీద ఉన్నాడు. కన్సల్టెన్సీ యజమాని మన తెలుగాయనే. 75-25 మీద, అంటే బిల్లులో 75 శాతం మావాడికి, 25 ఆయనకు అని మాట్లాడుకున్నారు. ప్రాజెక్ట్ అయిపోయి రెండు నెలలు ఖాళీగా ఉంటే జీతం ఇవ్వలేదు. పైగా వీసా ఖర్చు అని నెలనెలా కొంత పట్టుకుంటున్నాడు. అడిగితే వీసా తీసేస్తాడేమోనని వాడికి భయం, మాకూ భయం.

జవాబు: మీ భయం నాకు అర్థమైంది, కానీ ఇక్కడ తప్పు చేసిన మనిషి మీవాడు కాదు. హెచ్1బీ మీద ఉన్నవాడు కాంట్రాక్టర్ కాదు, ఆ కంపెనీ ఉద్యోగి. ఎల్‌సీఏ అనే కాగితంలో ఇంత జీతం ఇస్తాను అని యజమాని అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్‌కు రాసి ఇస్తాడు, దాని కాపీ అబ్బాయికి ఇచ్చి తీరాలి. ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద ఉన్నా ఆ జీతం ఇవ్వాల్సిందే. అబ్బాయి తన అవసరానికి సెలవు పెడితే వేరే సంగతి. హెచ్1బీ పిటిషన్ ఫీజూ, దానికయ్యే లాయర్ ఖర్చూ యజమానివే, జీతంలో పట్టుకోకూడదు. 75-25 అనేది ఎల్‌సీఏ జీతానికి పైన ఎంతైనా మాట్లాడుకోవచ్చు, దాని కిందికి దించడానికి మాత్రం వాడకూడదు.

ఈ 75-25 లోనూ ఒక మెలిక ఉంది. గంటకు 70 డాలర్ల బిల్ రేటు అనుకుంటే నెలకు 160 గంటలకు 11,200, అందులో 25 శాతం 2,800 యజమానికి. ఆ తర్వాత మిగిలిన 8,400 లోంచి యజమాని వాటాగా కట్టాల్సిన 7.65 శాతం పేరోల్ ట్యాక్స్ కూడా మీవాడి ఖాతాలోనే రాస్తారు కొందరు. అప్పుడు 25 కాస్తా 30 దాటుతుంది. ఇంకా ఆ 70 కూడా క్లయింట్ ఇచ్చే రేటు కాకపోవచ్చు, మధ్యలో ఇంకో వెండర్, ఆ పైన ఇంకో పెద్ద కంపెనీ, ఒక్కో మెట్టు దగ్గర కొంత రాలిపోయి వచ్చినది అయ్యుండొచ్చు. నన్నడిగితే యజమాని శాతం మీద కొట్లాడటం కంటే మెట్లు తక్కువ ఉన్న ప్రాజెక్ట్ వెతుక్కోవడం లాభం.

ఆగిపోయిన జీతానికి డబ్ల్యూహెచ్-4 అనే ఫారంలో లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు, తప్పు జరిగిన 12 నెలల్లోపు. ఫిర్యాదు చేసినందుకు వేధించడం కూడా చట్టవిరుద్ధమే. ముందుగా పే స్టబ్‌లు, టైమ్‌షీట్లు, జీతం గురించి యజమాని పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ సొంత మెయిల్‌కు పంపుకొని దాచమనండి. ఈలోపు ట్రాన్స్‌ఫర్ చేసుకునే ఇంకో ఎంప్లాయర్‌ను చూసుకోమనండి. మనవాడే కదా అన్న మొహమాటం మీకుంది గానీ, ఆయనకు లేదు.

ప్రశ్న (విజయనగరం): మీ పోయిన నెల జవాబు చూసి చాలా నొచ్చుకున్నానండీ. నేను చిన్న రిక్రూట్‌మెంట్ ఆఫీసు నడుపుతున్నాను. మనిషి చేరి 80వ రోజున మానేస్తే, 90 రోజుల గ్యారంటీ అని కంపెనీ ఫీజు వెనక్కి అడుగుతుంది. ఆఫర్ తీసుకుని చేరని వాళ్లకు లెక్కే లేదు. మమ్మల్ని దోపిడీదార్లంటే ఎలా?

జవాబు: దోపిడీదార్లని నేను అనలేదు, అడగమని అన్నాను. మీ కష్టం తెలుసు. 90 రోజుల గ్యారంటీ షరతు మీ నెత్తిన ఉన్నంతకాలం ఆ రిస్క్‌కు మీరు డబ్బు తీసుకోవడం న్యాయమే, ఎవరు కాదన్నా నేను కాదనను. కంపెనీని ఫీజు వెనక్కి కాకుండా ఇంకో మనిషిని ఇస్తాం అనే దాకా ఒప్పించండి, కొత్త ఒప్పందాల్లోనైనా.

అయితే నాకు ఒకటి చెప్పండి, మీ మార్జిన్ ఎంతో కాంట్రాక్ట్ మీద చేరే మనిషికి ముందే ఎందుకు చెప్పరు? క్లయింట్ ఒప్పుకోడు అంటారు, ఒప్పందంలో గోప్యత ఉంది అంటారు. బిల్ రేటు చెప్పొద్దు, సరే. నీ పీఎఫ్ నేను కడతాను, జీతం ఫలానా తేదీన క్లయింట్ ఇచ్చినా ఇవ్వకపోయినా వేస్తాను, ఇందుకు నాకు ఇంత శాతం అని చెప్పడానికి ఏ గోప్యత అడ్డం? రాజాం కుర్రాడికి ఆ నాలుగు మాటలు చేరిన రోజే చెప్పి ఉంటే వాళ్ల నాన్న కేసు దాకా వెళ్లేవారు కాదు. చెప్పడానికి ఇబ్బందిగా ఉండేంత శాతం అయితే అది వేరే సంగతి, అది మీరూ మీరూ చూసుకోండి.

వచ్చే నెల కంపెనీ మారినప్పుడు పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ ఎందుకు ఆగిపోతుందో చూద్దాం. ప్రశ్నలు పంపేవాళ్లు దయచేసి యూఏఎన్ నంబరు, ఆధార్ కాపీ జతచేయకండి. ఈసారి ఇద్దరు పాస్‌వర్డ్‌తో సహా పంపారు.